బ్లూస్ అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయా? ముందు వంత ఎవరో చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నావు, పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్పెలిన్ లాంటి రాక్ బ్యాండ్లు బాగా విన్నావు. వీళ్ళందరికీ మూలం అమెరికా నల్లజాతివాళ్ళ బ్లూస్ పాట అని ఎక్కడో చదివి నేరుగా 1930ల నాటి బ్లూస్ పాటగాడు రాబర్ట్ జాన్సన్‌ని పెట్టుకున్నావు, నాలుగు పాటలకే తీసేశావు. "గరగరమంటోంది, అన్నీ ఒకే పాటలా ఉన్నాయి, మంచి ఆల్బమ్‌లు ఒక పది చెప్పండి, టర్న్‌టేబుల్ కొనమంటారా" అని అడిగావు. చాలామంది సరిగ్గా నీలాగే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. పది అని లెక్కపెట్టి చెప్పను కానీ ఏది ముందు వినాలో, వినేటప్పుడు చెవి ఎక్కడ పెట్టాలో చెప్తాను. టర్న్‌టేబుల్ సంగతి చివర్లో చూద్దాం.

ముందు ఆ "అన్నీ ఒకేలా" అన్న మాట. అవును, ఒకేలానే ఉంటాయి. చాలా బ్లూస్ పాటలకు చట్రం ఒక్కటే. పన్నెండు బార్లు (బార్ అంటే నాలుగు తాళపు దెబ్బల గుంపు), మూడు వరుసలు, వరుసకి నాలుగు బార్లు, మొత్తం మీద మూడే కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. మొదటి వరుస పాడతాడు, రెండోసారి దాదాపు అదే మళ్ళీ పాడతాడు, మూడోదాంట్లో విషయం తేల్చేస్తాడు. అయితే ఆ నాలుగు బార్లలో గొంతు రెండు బార్లకే ఆగిపోతుంది, మిగతా రెండూ ఖాళీ. ఆ ఖాళీలో గిటారో, మౌత్ ఆర్గానో, పియానోనో, ఒక్కోసారి ఎదురుగా ఉన్న జనమో బదులు పలుకుతారు. నువ్వు పాట విన్నావు, బదులు వినలేదు. బుర్రకథ చూసే ఉంటావు కదా, కనీసం జాతరలో దూరం నుంచైనా. తంబుర పట్టుకున్న కథకుడు ఒక మాట అంటాడు, గుమ్మెటలు పట్టుకున్నవాళ్ళు తందాన తాన అని అందుకుంటారు, హాస్యం చెప్పే వంత మధ్యలో ఒక విసురు విసురుతాడు. ఆ ఇద్దరినీ పక్కకు పంపేసి కథకుడొక్కడినే కూర్చోబెడితే ఎంతసేపు వింటావు? మన చెక్కభజనలో గురువు ఒక చరణం అంటే గుంపు అందుకోకపోతే అడుగే పడదు. బ్లూస్ కూడా ఈ జాతిదే. కాబట్టి ఏ ఆల్బమ్ పెట్టినా ఇందులో వంత ఎవరు, ఏమంటున్నాడు అని చూడు. కింద చెప్పేవన్నీ ఆ లెక్కన ఎంచినవే.

మొదట బి.బి.కింగ్, "లైవ్ ఎట్ ది రీగల్". 1964 నవంబరు 21న షికాగోలోని రీగల్ థియేటర్‌లో రికార్డు చేశారు, 1965లో బయటికొచ్చింది. ముప్పై అయిదు నిమిషాలకు మించదు, మెస్‌కి పోయి వచ్చేంతలో అయిపోతుంది. ఈయన పాడేటప్పుడు గిటార్ ముట్టుకోడు, గిటార్ మాట్లాడేటప్పుడు పాడడు. రెండూ ఒకేసారి తన వల్ల కాదని ఆయనే చెప్పుకునేవాడు. అందువల్ల ఎవరు ఎప్పుడు పలుకుతున్నారో తేటగా తెలిసిపోతుంది, కొత్తగా వినేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం లేదు. నిదానంగా సాగే మూడు పాటలు వరసగా వస్తాయి, "స్వీట్ లిటిల్ ఏంజెల్", "ఇట్స్ మై ఓన్ ఫాల్ట్", "హౌ బ్లూ కెన్ యు గెట్". మూడోదాంట్లో ఒకచోట బ్యాండ్ అంతా ఆగి ఆగి ఒక్కో దెబ్బ కొడుతూ ఉంటుంది, ఆ దెబ్బల మధ్య ఈయన ఒక్కో ఫిర్యాదు చెప్తాడు. కారు కొనిస్తే ఇంకా పెద్ద కారు కావాలంది, మంచి హోటల్లో భోజనం పెట్టిస్తే చిరుతిండికి థాంక్స్ అంది, చివరికి ఏడుగురు పిల్లల్ని ఇస్తే వాళ్ళనీ వెనక్కి తీసుకోమంటోంది. ఆ మాట పడీ పడగానే హాలు మొత్తం ఒక్కసారిగా అరుస్తుంది చూడు, అదీ వంత. స్టూడియోలో ఎన్ని లక్షలు పోసినా ఆ అరుపు రాదు.

ఇంకోటి, ఆయన ఎడమచేతి వేలు తీగ మీద ఆన్చి మణికట్టు వేగంగా ఊపుతాడు, స్వరం వణుకుతూ నిలబడుతుంది. వీణ విన్న ఇంట్లో పుట్టినవాళ్ళకు గమకం గురించి వేరే చెప్పాలా. ఆ గిటార్‌కి లూసీల్ అని పేరు. 1949లో ఆర్కన్సాలో ఒక డాన్స్ హాల్లో ఇద్దరు కొట్లాడుకుంటూ కిరోసిన్ కుంపటి తన్నేశారు, హాలు అంటుకుంది. బయటికొచ్చిన కింగ్ గిటార్ కోసం మళ్ళీ మంటల్లోకి పరిగెత్తాడు. ఆ ఇద్దరూ కొట్లాడుకున్నది లూసీల్ అనే అమ్మాయి గురించని తర్వాత తెలిసింది. ఆ పిచ్చిపని మళ్ళీ చేయకూడదని గిటార్‌కి ఆ పేరే పెట్టుకున్నాడు.

ఇది రెండు మూడుసార్లు విన్నాక మడ్డీ వాటర్స్ దగ్గరికి రా. మాది ఆదోని వైపు, అంటే పత్తి బస్తాల మధ్య పెరిగినవాణ్ణి, అందుకే ఈయన మీద నాకు కాస్త పక్షపాతం ఉందనుకో. మిసిసిపీలో పత్తి తోటలో కూలిపని చేసుకుంటూ పాడుతుంటే 1941లో అలన్ లోమాక్స్ అనే ఆయన అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున వెళ్ళి రికార్డు చేశాడు. 1943లో మడ్డీ రైలెక్కి షికాగో వెళ్ళిపోయాడు. కోసిగి, మంత్రాలయం పక్కనుంచి సుగ్గికని గుంటూరు మిర్చి కోతలకు పోయే కుటుంబాలను చూసినవాళ్ళకు ఆ ప్రయాణం గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే షికాగో వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తిరిగి రాలేదు. పత్తికి పట్టిన పురుగు మీద కూడా వాళ్ళకు బ్లూస్ పాటలున్నాయి. చార్లీ పాటన్ 1929లో బోల్ వీవిల్ అనే కాయపురుగు మీద పాడాడు. మాకు గులాబీ పురుగు ఇంత నష్టం చేస్తున్నా దాని మీద నిలబడిన పాట ఒక్కటీ నా చెవిన పడలేదు, అదొక లోటు.

షికాగో మద్యం బార్లలో గోలకి మామూలు గిటార్ ఎవరికి వినపడుతుంది? అందుకే కరెంటు గిటార్ పట్టుకున్నాడు, చుట్టూ బ్యాండ్ పెట్టుకున్నాడు. మనం రాక్ అంటున్న మోత చాలావరకు అక్కడ మొదలైందే. రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్ వాళ్ళు తమ బ్యాండ్ పేరు తీసుకున్నది కూడా ఈయన 1950 నాటి పాట నుంచే.

మడ్డీవి రెండు ఆల్బమ్‌లు. "ఎట్ న్యూపోర్ట్ 1960" అందరూ చెప్తారు, చెప్పాలి కూడా. "గాట్ మై మోజో వర్కింగ్" అయిపోగానే జనం వదలరు, మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది, రెండూ ఆల్బమ్‌లో ఉన్నాయి. ఆ ఏడాది న్యూపోర్ట్‌లో అల్లర్లయి ఇక అక్కడి సంగీతోత్సవమే ఉండదేమో అన్న పరిస్థితి వచ్చింది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అక్కడికక్కడే వీడ్కోలు పాట రాసిచ్చాడు. మడ్డీ అప్పటికే అలిసిపోయి ఉంటే పియానో వాయించే ఓటిస్ స్పాన్ దాన్ని పాడాడు. ఆల్బమ్ దాంతోనే ముగుస్తుంది. కానీ నన్నడిగితే నీలాంటివాడికి "హార్డ్ అగైన్", 1977, ముందు పడాలి. అరవై దాటిన మడ్డీ, పక్కన నిర్మాతగా కూర్చున్న జానీ వింటర్. మొదటి పాట "మానిష్ బాయ్" పెట్టు. ఒకే రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వరవరస), కార్డ్ మారనే మారదు, మడ్డీ ఒక్కో మాట వదులుతుంటాడు, వెనక నుంచి జానీ వింటర్ పూనకం వచ్చినవాడిలా కేకలు పెడుతుంటాడు. తన హీరోతో పనిచేసే అవకాశం వచ్చిన అభిమాని కేకలవి. ఒక్కసారి ఆ కేకల మీదే ధ్యాస పెట్టి విను, పాట వేరేగా ఉంటుంది. ఇవి రెండూ నచ్చితే "ఫోక్ సింగర్", 1964, రాత్రి లైట్లు తీసేశాక వినేది. గట్టిగా ఏమీ ఉండదు, కుర్రవాడు బడ్డీ గై రెండో గిటార్‌తో గుసగుసగా బదులిస్తుంటాడు.

హౌలిన్ వుల్ఫ్‌ది 1962లో వచ్చిన ఆల్బమ్, అట్ట మీద ఊగే కుర్చీ బొమ్మ ఉంటుంది, అది తీసుకో. గొంతులో కంకర వేసి తిప్పినట్టుంటుంది, కొందరికి మొదటిసారి భయమేస్తుంది. వెనక హ్యూబర్ట్ సమ్లిన్ గిటార్ ఎప్పుడు ఎటు నుంచి దూరుతుందో చెప్పలేం. దీని గురించి ఎక్కువ రాయను, నచ్చినవాళ్ళకు మొదటి నిమిషంలోనే నచ్చుతుంది.

ఆల్బర్ట్ కింగ్ మాత్రం వదలొద్దు. "బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్", 1967, మెంఫిస్‌లోని స్టాక్స్ రికార్డు కంపెనీది. ఎడమచేతివాటం మనిషి, కుడిచేతివాళ్ళ గిటార్‌నే తిరగేసి పట్టుకుని, తీగలు మార్చకుండా అలాగే వాయించాడు. అందరూ పైకి తోసే తీగను ఈయన కిందికి లాగుతాడు, ఆ సాగదీతలో ఉన్న బలం ఇంకెవరికీ రాలేదు. ఆయన దగ్గర స్వరాలు తక్కువ, ఒక్కోటి పెట్టి ఆగుతాడు. వేగంగా వాయించడమే గొప్ప అనుకునే గిటార్ కుర్రాళ్ళు కర్నూల్లో కూడా ఉన్నారు, ఎవడైనా నా దగ్గరికొస్తే ముందు ఇదే వినిపిస్తాను. క్రీమ్ అనే రాక్ బ్యాండ్ వాళ్ళ "స్ట్రేంజ్ బ్రూ"లో ఎరిక్ క్లాప్టన్ వాయించింది దాదాపు ఈయన పద్ధతే, పక్కపక్కన పెట్టి విను, నీకే తెలుస్తుంది.

ఇప్పుడు నీకు తెలిసినవాళ్ళ సంగతి. పింక్ ఫ్లాయిడ్ పేరే ఇద్దరు బ్లూస్ పాటగాళ్ళది, పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్. బ్యాండ్ తొలి నాయకుడు సిడ్ బారెట్ రెండు పేర్లూ కలిపి బ్యాండ్‌కి పెట్టేశాడు. "విష్ యు వర్ హియర్" ఆల్బమ్ మొదట్లో శ్రుతి ఒక్కటే నిలబడి ఉంటే గిల్మోర్ గిటార్ మీద ఒక మాట అని, చాలాసేపు ఆగి, ఇంకో మాట అంటాడు చూడు, ఆ ఆగడం నేర్చుకున్నది బ్లూస్ దగ్గరే. కాబట్టి నువ్వు బ్లూస్ కొత్తగా ఏమీ మొదలుపెట్టట్లేదు, పేరు తెలియకుండా ఎప్పటినుంచో వింటున్నావు.

లెడ్ జెప్పెలిన్ అయితే సరేసరి. బ్లూస్ నుంచి తీసుకున్నది చాలా, ఎవరి దగ్గర తీసుకున్నారో మొదట్లో చెప్పింది తక్కువ. "హోల్ లాటా లవ్" తన పాట నుంచి తీసుకున్నారని బ్లూస్ పాటల రచయిత విల్లీ డిక్సన్ 1985లో కేసు వేశాడు, 1987లో రాజీ అయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, అయినా నాలుగో ఆల్బమ్‌లో చివరి పాట "వెన్ ది లెవీ బ్రేక్స్" వస్తే మాత్రం నోరు మూసుకుంటాను. అసలు పాట 1929లో కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ రికార్డు చేసింది, అంతకు రెండేళ్ళ ముందు మిసిసిపీ నది కట్టలు తెంచుకుని ఊళ్ళకు ఊళ్ళను ముంచిన వరద గురించి. జెప్పెలిన్ వాళ్ళు హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో డ్రమ్స్‌ని మెట్ల కింద హాల్లో పెట్టి, మైకులు పై అంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. ఆ ధ్వని అందుకే ఇల్లు కదిలినట్టు ఉంటుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీ మీద పడినప్పుడు నా కేసెట్ల పెట్టె బురద నీళ్ళలో నానిపోయింది. తర్వాత పెన్సిల్ పెట్టి తిప్పితే టేపు పొరకు పొర అతుక్కుని, గోధుమరంగు పొడి వేళ్ళకంటి, పుటుక్కున తెగింది. జెప్పెలిన్ నాలుగోది కూడా అందులోనే పోయింది. మా కర్నూల్లో ఆ పాట వినడానికి ఎవరికీ పరిచయం అక్కర్లేదు. రెండూ విను, ముందు జెప్పెలిన్‌ది, వెంటనే 1929ది. రెండోది చాలా మామూలుగా, వీధిలో నడుస్తూ చెప్పినట్టు ఉంటుంది, ఇల్లు పోయినవాళ్ళు మాట్లాడేది కూడా అలాగే.

ఇక నా ఆస్తి అంతా రాసిమ్మంటే రాసిచ్చే ఆల్బమ్, ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ "ఎట్ ఫిల్మోర్ ఈస్ట్". 1971 మార్చిలో న్యూయార్క్‌లో రికార్డయింది, జూలైలో వచ్చింది, అక్టోబరు 29న డ్వేన్ ఆల్‌మన్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు, ఇరవై నాలుగేళ్ళు. ఇద్దరు గిటార్, ఇద్దరు డ్రమ్స్, ఎవరూ ఎవరినీ తొక్కరు. డ్వేన్ వేలికి తొడుక్కున్నది జలుబు మాత్రల గాజు సీసా, దాన్ని తీగల మీద జారిస్తే స్వరానికీ స్వరానికీ మధ్య గీతలుండవు. "స్టేట్స్‌బరో బ్లూస్"తో మొదలవుతుంది, అది మామూలు నిడివి. "యు డోంట్ లవ్ మీ" పంతొమ్మిది నిమిషాలు. మధ్యలో బ్యాండ్ తగ్గిపోయి డ్వేన్ ఒక్కడే మిగులుతాడు, ఆ నిశ్శబ్దంలో జనంలోంచి ఒకడు రాత్రంతా వాయించమని కేక పెడతాడు. వాడెవడో ఎవరికీ తెలీదు కానీ ఆ ఆల్బమ్‌లో వాడూ ఒక సభ్యుడే.

చివర "విప్పింగ్ పోస్ట్", ఇరవై మూడు నిమిషాలు. మొదలయ్యే రిఫ్‌కి తాళం వేసి చూడు, ఎనిమిదికి రాదు, పదకొండు వస్తుంది. మూడు, మూడు, మూడు, రెండు. రాసిన గ్రెగ్ ఆల్‌మన్‌కి అది పదకొండని తెలియదు, అన్న డ్వేన్ చెప్తే తెలిసింది. మిశ్రచాపు ఏడు వేసే మనవాళ్ళకు ఇది కష్టమేం కాదు. మా దోస్తుల్లో మృదంగం నేర్చుకున్న ఒకాయన ఉన్నాడు, రాక్ అంటే మొహం తిప్పుకునేవాడు, దీనికి తొడ మీద తాళం వేస్తూ కూర్చుండిపోయాడు. ఒక్క మాట, ఈ ఆల్బమ్ చదువుకుంటూ వినేది కాదు.

దీని తర్వాత రెండు వరదల్లాంటివి. రోరీ గాలగర్ "ఐరిష్ టూర్ 74". బాంబుల భయంతో మిగతా బ్యాండ్లు బెల్‌ఫాస్ట్ వెళ్ళడం మానేసిన రోజుల్లో ఈయన వెళ్ళి వాయించాడు, ఆ జనం ఎలా బదులిచ్చారో వింటే తెలుస్తుంది. స్టీవీ రే వాన్ "టెక్సస్ ఫ్లడ్", 1983, స్టూడియోలోనే కానీ లైవ్ వాయించినట్టే రెండు మూడు రోజుల్లో ముగించారు. టైటిల్ పాట బాగా నచ్చితే దాన్ని 1958లో పాడిన లారీ డేవిస్‌ని కూడా వెతుక్కో.

ఆడవాళ్ళ గొంతు లేకుండా ఈ జాబితా సగమే. జానిస్ జాప్లిన్ ఉన్న "చీప్ థ్రిల్స్", 1968, లైవ్ ఆల్బమ్‌లా వినిపిస్తుంది కానీ చాలావరకు స్టూడియోలో వాయించి జనం గోల కలిపారు. నిజంగా లైవ్ అన్నది చివరి పాట "బాల్ అండ్ చైన్" ఒక్కటే. కలిపిన చప్పట్లకీ నిజం చప్పట్లకీ తేడా పట్టుకోగలవేమో చూడు, చెవికి మంచి పరీక్ష. ఆ పాట బిగ్ మామా థార్న్‌టన్‌ది. ఆమె 1966లో మడ్డీ వాటర్స్ బ్యాండ్‌తో కలిసి చేసిన ఆల్బమ్ ఉంది, అది వింటే జాప్లిన్ ఎవరి దగ్గర నేర్చుకుందో అర్థమవుతుంది.

మధ్యలో విసుగొస్తే ఇంటివైపు ఒక అడుగు వెయ్యి. మన విశ్వమోహన్ భట్, అమెరికా గిటారిస్టు రై కూడర్ కలిసి చేసిన "ఎ మీటింగ్ బై ది రివర్", 1993. రిహార్సల్ లేదు, అప్పుడే పరిచయమైన ఇద్దరూ కూర్చుని వాయించేశారు, గ్రామీ వచ్చింది. మోహనవీణ మీద జారే కడ్డీ, బ్లూస్ గిటార్ మీద జారే సీసా, ఎవరు కథకుడో ఎవరు వంతో చెప్పలేం. అదే రై కూడర్ మాలి దేశపు అలీ ఫర్కా టూరేతో చేసిన "టాకింగ్ టింబక్టూ", 1994, కూడా తప్పక విను, అయిదు స్వరాల వరసలు మనకు ఇట్టే ఎక్కుతాయి. మన దేశంలోనే షిల్లాంగ్ నుంచి సోల్‌మేట్ అనే బ్యాండ్ ఉంది, 2003లో మొదలైంది, వాళ్ళ పాటలు వింటే బ్లూస్ పాడటానికి మిసిసిపీలో పుట్టక్కర్లేదని తెలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక, అంటే ఈ సెమిస్టర్ అయ్యాకే అనుకో, మళ్ళీ రాబర్ట్ జాన్సన్ దగ్గరికి పో. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లస్‌లో, మొత్తం ఇరవై తొమ్మిది పాటలు రికార్డు చేశాడు, 1938లో ఇరవై ఏడేళ్ళకే పోయాడు. 1961లో వచ్చిన "కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్" పెట్టుకో. కూడలిలో దయ్యానికి ఆత్మ అమ్ముకున్నాడన్న కథలు పక్కన పెట్టు, అవి చెప్పేవాళ్ళు పాట వినరు. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ మొదటిసారి విన్నప్పుడు రెండో గిటార్ ఎవరిదని అడిగాడట. రెండో గిటార్ లేదు. బొటనవేలితో కింది తీగలు తోలుతూ, మిగతా వేళ్ళతో పైన బదులిస్తుంటాడు. "కమ్ ఆన్ ఇన్ మై కిచెన్"లో ఒకచోట పాడటం ఆపి, ఆ గాలి ఊళ వినపడుతోందా అని మెల్లగా అడుగుతాడు, వెంటనే గిటార్ తీగ మీద గాలి వీస్తుంది. ఇప్పుడా గరగర నిన్ను ఆపదు.

టర్న్‌టేబుల్ వద్దు. పాత రికార్డులు ఎలా దొరుకుతాయో తెలియదు, చవకరకం ప్లేయర్ల ముల్లు బరువుకి ఉన్నవి కూడా అరుగుతాయి. ఫోనూ, ఒక మంచి వైరున్న హెడ్‌ఫోన్సూ చాలు. బేస్ బూస్ట్ తీసెయ్యి, షఫుల్ తీసెయ్యి, పాటకీ పాటకీ మధ్య కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ తీసెయ్యి, లేకపోతే రీగల్‌లో జనం గోల ముక్కలైపోతుంది. "బెస్ట్ ఆఫ్ బ్లూస్" ప్లేలిస్టుల జోలికి పోవద్దు, చప్పట్లు కత్తిరించేసి ఉంటాయి. డబ్బులు మిగిలితే సి కీలో (కీ అంటే శ్రుతి) పది రంధ్రాల డయటానిక్ మౌత్ ఆర్గాన్ ఒకటి కొను. బ్లూస్‌వాళ్ళు దాన్ని జి కీలో వాయిస్తారు, ఊదేది తక్కువ, పీల్చేది ఎక్కువ. పీల్చేటప్పుడు నాలుక వెనక్కి లాగితే స్వరం వంగుతుంది. మొదటి నెల పిల్లి గొంతు పిసికినట్టే ఉంటుంది, పక్క గదివాళ్ళతో ముందే మాట్లాడుకో.